ఆరో ఏట ఆరో పన్ను

సంగారెడ్డి జిల్లాలో పటాన్‌చెరుకు దగ్గరగా కాజీపల్లి అనే ఊరుంది. చుట్టూ రసాయనాల కర్మాగారాలు, మందుల కర్మాగారాలు. ఆ ఊళ్ళో ఒక ఇల్లు ఉందనుకోండి. ఆ ఇంట్లో ఎనిమిదో తరగతి చదివే అక్క, మూడో తరగతి చదివే తమ్ముడు. ఒక రోజు రాత్రి అన్నం తింటూ తమ్ముడు “అమ్మా!” అని బుగ్గ పట్టుకున్నాడు. అక్క టార్చిలైటు తెచ్చి వాడి నోట్లోకి వేసి చూసింది. కింది దవడలో, అన్నిటికంటే వెనక ఉన్న పన్ను మీద నల్లటి గుంట కనిపించింది.

“పాలపన్నే గదా బిడ్డా! ఎట్లాగూ ఊడిపోతది. లవంగం పెట్టు, తగ్గుతది” అంది నానమ్మ.

“పన్నుకు పురుగు పట్టింది. పొగ పట్టిస్తే పురుగు రాలిపోతది” అంది పక్కింటి అత్త.

“అంతా ఈ ఊరి నీళ్ళతోనే. ఇట్లాంటి నీళ్ళున్నకాడ పండ్లు నిలుస్తయా?” అన్నాడు నాన్న, రాత్రి షిఫ్టుకు టిఫిన్ డబ్బా సర్దుకుంటూ.

ముగ్గురూ ఆ పిల్లవాడి మీద ప్రేమతోనే మాట్లాడారు. ముగ్గురి మాటా సబబుగానే తోస్తుంది. కాని ఈ ముగ్గురిలో ఎవరి మాట నిజం? ఒక్కొక్కటిగా పరీక్షించి చూద్దాం రండి.

అది పాలపన్నేనా?

మొదట నానమ్మ మాట. పిల్లలకు పాలపళ్ళు మొత్తం 20 అని మీరు చదువుకున్నారు. పైన పది, కింద పది. అంటే నోటిని నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగంలో అయిదు. ముందు పళ్ళ మధ్య గీత దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్కపెడితే రెండు కుంతకాలు, ఒక రదనిక, రెండు చర్వణకాలు. అయిదుతో పాలపళ్ళ లెక్క సరి.

ఇప్పుడు మీ ఇంట్లో ఆరేడేళ్ళ తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్ళ నోరు తెరిపించి లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు... ఆరు! ఆ ఆరోది ఎక్కడిది? అది పాలపన్ను కాదు. అది శాశ్వత దంతం. దాని పేరు మొదటి చర్వణకం. సుమారు ఆరో ఏట, పాలపళ్ళ వరుసకు వెనక, ఖాళీగా ఉన్న చిగురులోంచి పైకి వస్తుంది. “ఆరో ఏట ఆరో పన్ను” అని గుర్తుపెట్టుకుంటే ఎన్నటికీ మరచిపోరు. కొందరికి కొన్ని నెలలు ముందుగా, కొందరికి కొన్ని నెలలు ఆలస్యంగా రావచ్చు.

ఈ పన్నుకు ఒక దురదృష్టం ఉంది. ముందు పన్ను ఊడినప్పుడు ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఊడిన పాలపన్నును ఇంటి కప్పు మీదికి విసిరే వేడుక కూడా చేస్తాం. కొత్త పన్ను ఎప్పుడొస్తుందా అని అద్దంలో చూసుకుంటాం. ఆరో పన్ను మాత్రం ఏ పాలపన్నునూ తోసుకుని రాదు. దాని ముందు ఏదీ ఊడదు, కదలదు. నోటి లోపలి మూలలో, ఎవరికీ చెప్పకుండా వచ్చి కూర్చుంటుంది. అందుకే పెద్దవాళ్ళు దాన్ని కూడా పాలపళ్ళలో కలిపేసి లెక్కవేస్తారు. అది పుచ్చిపోతే “పోనీలే” అనుకుంటారు. కాని అది పోతే దాని చోట మరొక పన్ను రాదు. డెబ్బయి ఏళ్ళు నమలవలసిన పన్ను అది!

కాబట్టి నానమ్మ మాట తప్పింది.

నోటిలోని తిరగలి

చర్వణకం అంటే నమిలేది అని అర్థం. మనం దవడపన్ను అంటాం. దాన్ని పై నుంచి చూస్తే చిన్న చిన్న గుట్టలూ, గుట్టల మధ్య సన్నటి లోయలూ ఉన్నట్టుంటుంది. ఇంట్లో తిరగలి ఉంటే దాని రాయిని గమనించండి. తెలంగాణలో దీన్ని ఇసుర్రాయి అంటారు. రాయి నున్నగా అరిగిపోతే పిండి సరిగా పడదు. అందుకే దానికి ఉలితో గంట్లు పెట్టిస్తారు. దవడపన్ను మీది గాళ్ళు కూడా అందుకే. మొదటి చర్వణకం నోటిలోని తిరగలి రాయి.

కాని తిరగలి గంట్లలో పిండి ఇరుక్కున్నట్టే ఈ గాళ్ళలోనూ ఆహారం ఇరుక్కుంటుంది. కొన్ని గాళ్ళు ఎంత సన్నగా ఉంటాయంటే, వాటి అడుగు వరకు బ్రష్షులోని ఒక్క వెంట్రుక కూడా దూరదు.

పన్నుకు పై తొడుగు పింగాణీ పొర. మన శరీరంలో అన్నిటికంటే గట్టి పదార్థం ఇదే. బరువులో నూటికి 96 వంతులు ఖనిజమే. ఆ ఖనిజం కాల్షియం, ఫాస్ఫేటులతో ఏర్పడిన స్ఫటికాల రూపంలో ఉంటుంది. పింగాణీ కింద డెంటిన్ ఉంటుంది. ఇది కొంచెం మెత్తన. దానికీ లోపల, పన్ను నడిమధ్యన రక్తనాళాలూ నాడులూ ఉండే పల్పు ఉంటుంది. నొప్పి తెలిసేది ఇక్కడే.

ఎముక విరిగితే అతుక్కుంటుంది. చర్మం తెగితే మానుతుంది. ఎందుకంటే వాటిలో జీవకణాలున్నాయి. పింగాణీని తయారుచేసిన కణాలు పన్ను పైకి వచ్చేసరికే పని ముగించుకుని మాయమవుతాయి. అందుచేత ఒకసారి గుంట పడిన పింగాణీని శరీరం మళ్ళీ కట్టలేదు.

పురుగు ఎక్కడ?

ఇప్పుడు పక్కింటి అత్త మాట. పన్నును పురుగు తింటుందన్న నమ్మకం మన దేశంలోనే కాదు, ప్రాచీన బాబిలోనియా దేశంలోనూ ఉండేది. ఏవో గింజలు కాల్చి పొగ పట్టించి, “ఇదిగో పురుగు” అని చూపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఎవరు ఎన్ని పళ్ళు కోసి చూసినా పురుగు మాత్రం దొరకలేదు.

దొరికింది వేరు. విల్లబీ మిల్లర్ అనే అమెరికన్ దంతవైద్యుడు జర్మనీలోని బెర్లిన్ నగరంలో పనిచేస్తూ 1890లో ఒక పుస్తకం ప్రచురించాడు. నోటిలోని సూక్ష్మజీవులు ఆహారంలోని పిండి పదార్థాలనూ చక్కెరనూ పులియబెట్టి ఆమ్లాలు తయారుచేస్తాయనీ, ఆ ఆమ్లాలే పన్నులోని ఖనిజాన్ని కరిగిస్తాయనీ అందులో వివరించాడు. 1924లో లండన్‌లో కిలియన్ క్లార్క్ అనే శాస్త్రజ్ఞుడు పుచ్చిన పళ్ళ నుంచి ఒక బాక్టీరియాను వేరుచేసి దానికి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అని పేరు పెట్టాడు. ఆమ్లం తయారుచేయడంలో ఇది దిట్ట. దీనికి తోడుగా ఇంకా ఎన్నో జాతులున్నాయి.

అయితే ఇక్కడొక ప్రశ్న వస్తుంది. సూక్ష్మజీవులు లేకుండా చక్కెర ఒక్కటే పన్నును పాడుచేయలేదా? 1950లలో అమెరికాలో ఓర్లాండ్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ ఈ ప్రశ్నకు చక్కని ప్రయోగంతో జవాబు రాబట్టారు. పుట్టుక నుంచి ఒక్క సూక్ష్మజీవి కూడా సోకకుండా పెంచిన ఎలుకలకు బాగా చక్కెర కలిపిన ఆహారం పెట్టారు. వాటి పళ్ళు పుచ్చలేదు! అదే ఆహారం తిన్న మామూలు ఎలుకల పళ్ళు పుచ్చాయి. అంటే చక్కెర ఉన్నా సూక్ష్మజీవి లేకపోతే దంతక్షయం లేదు. సూక్ష్మజీవి ఉన్నా దానికి చక్కెర అందకపోతే అది చేయగల హాని స్వల్పమే.

పక్కింటి అత్త మాటలో కొంత నిజముంది. పన్నును పాడుచేసేవి జీవులే. కాని అవి కంటికి కనిపించే పురుగులు కావు. పొగకు రాలేవీ కావు.

ఒక చిన్న ప్రయోగం

కోడిగుడ్డు పెంకు ముక్కలు రెండు తీసుకోండి. ఒకటి మంచినీళ్ళలో, మరొకటి నిమ్మరసంలో వెయ్యండి. నిమ్మరసంలోని ముక్క మీద సన్నని బుడగలు లేస్తాయి. మర్నాటికి అది పలచబడి, వేలితో నొక్కితే విరిగిపోతుంది. నీళ్ళలోనిది అలాగే ఉంటుంది. గుడ్డు పెంకులో ఉన్నది కాల్షియం కార్బొనేటు, పన్నులో ఉన్నది కాల్షియం ఫాస్ఫేటు. పదార్థాలు వేరయినా ఆమ్లానికి రెండూ లొంగుతాయి.

ఆమ్లం గడియారం

ఉదయం లేవగానే మీ దవడపన్నును గోటితో గీరి చూడండి. తెల్లని జిగురు లాంటిది వస్తుంది. దాన్ని పాచి అంటాం. అందులో కోట్ల సంఖ్యలో బాక్టీరియా ఉంటాయి.

మీరు ఒక చాక్లెట్టు నోట్లో వేసుకున్నారు. అందులోని చక్కెర పాచిలోకి ఇంకుతుంది. కొద్ది నిమిషాల్లోనే అక్కడ ఆమ్లం పుడుతుంది. ఆమ్లత్వాన్ని పీహెచ్ అనే కొలతతో చెబుతారు. శుద్ధమైన నీటి పీహెచ్ 7. సంఖ్య తగ్గిన కొద్దీ ఆమ్లత్వం పెరిగినట్టు. పాచి పీహెచ్ సుమారు 5.5 కంటే దిగితే పింగాణీలోని ఖనిజం కరగడం మొదలవుతుంది. తర్వాత లాలాజలం వచ్చి ఆమ్లాన్ని కడిగి, నెమ్మదిగా పీహెచ్‌ను పైకి తెస్తుంది. ఇందుకు అరగంట నుంచి గంట దాకా పడుతుంది. 1940లలో రాబర్ట్ స్టీఫన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు ఈ మార్పును కొలిచి గ్రాఫు గీశాడు. ఇప్పటికీ దాన్ని స్టీఫన్ వక్రరేఖ అంటారు.

లాలాజలం ఆమ్లాన్ని కడగడంతో ఆగదు. దానిలో కరిగి ఉన్న కాల్షియం, ఫాస్ఫేటులు పింగాణీలోకి తిరిగి చేరి, పోయిన ఖనిజాన్ని కొంత భర్తీ చేస్తాయి. అంటే మన పళ్ళ మీద రోజంతా ఖర్చూ జమా జరుగుతూనే ఉంటాయి. జమ కంటే ఖర్చు ఎక్కువైన చోట గుంట పడుతుంది.

ఇప్పుడొక లెక్క చేద్దాం. ఒకసారి తిన్నప్పుడల్లా 40 నిమిషాలు ఆమ్లం ఉంటుందనుకోండి. మూడు పూటలా తింటే 3 × 40 = 120 నిమిషాలు, అంటే రెండు గంటలు. మధ్యలో ఒక పిప్పరమెంటు, ఒక బిస్కెట్టు, ఒక చాయ్, ఒక పల్లీపట్టి అంటూ మరో ఆరుసార్లు నోరాడిస్తే 9 × 40 = 360 నిమిషాలు. ఆరు గంటలు! ఎంత తీపి తిన్నామన్నది ఒక ఎత్తు. ఎన్నిసార్లు తిన్నామన్నది మరొక ఎత్తు.

స్వీడన్ దేశంలో విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో 1945లో మొదలైన పరిశోధనలో ఇదే తేలింది. భోజనంతో పాటు తిన్న చక్కెర కంటే, భోజనాల మధ్య తిన్న అంటుకునే టాఫీలు పళ్ళను ఎన్నో రెట్లు పాడుచేశాయి. అయితే మానసిక వైకల్యం ఉన్న రోగులపై, వాళ్ళ అనుమతి లేకుండా చేసిన ఆ పరిశోధనను తరవాతి కాలంలో శాస్త్రజ్ఞులే తప్పుపట్టారు. నిజం తెలుసుకోవడానికి కూడా న్యాయమైన దారి ఉండాలి కదా!

కొత్త పన్నుకే ఎందుకీ గండం?

తమ్ముడి నోట్లో ఎన్నో పళ్ళున్నాయి. ఈ ఒక్కదానికే గుంట ఎందుకు పడింది? ఇందుకు మూడు కారణాలున్నాయి.

మొదటిది, ఈ పన్ను పుట్టుకలోని ఆలస్యం. చిగురును చీల్చుకుని తల చూపించిన నాటి నుంచి ఎదుటి దవడ పన్నును తాకే వరకు మొదటి చర్వణకానికి ఏడాది, ఏడాదిన్నర పట్టవచ్చు. అంతకాలమూ అది వరుసలో మిగతా పళ్ళకంటే పల్లంలో ఉంటుంది. బ్రష్షు ముందు వెనకలకు తోముతుంటే పక్కనున్న ఎత్తయిన పాలపన్ను మీదే ఆగిపోతుంది. కొత్త పన్ను తలకు బ్రష్షు తగలనే తగలదు.

రెండోది, అది ఇంకా నమలడం లేదు. ఎదుటి పన్ను తాకితే జొన్నరొట్టె, కూర నమిలినప్పుడల్లా రాపిడికి కొంత పాచి రాలిపోతుంది. సగం లేచిన పన్నుకు ఆ రాపిడి లేదు. పైగా వెనక భాగం మీద చిగురు దుప్పటిలా కప్పి ఉంటుంది. ఆ దుప్పటి కింద పాచి హాయిగా దాక్కుంటుంది.

మూడోది, కొత్త పింగాణీ ఇంకా పచ్చిది. నోటిలోకి వచ్చాక లాలాజలంలోని ఖనిజాలు దానిలోకి ఇంకుతూ దాన్ని క్రమంగా గట్టిపరుస్తాయి. అప్పుడే పోసిన సిమెంటు గచ్చు మీద కొన్నాళ్ళు నీళ్ళు కొట్టి గట్టిపడనిస్తాం, చూశారా? అలాగన్నమాట. ఆ గడువులోపలే ఆమ్లం పడితే పన్ను సులభంగా లొంగిపోతుంది.

డెన్మార్కు పరిశోధకులు 1980లలో లేస్తున్న చర్వణకాలను ఓపికగా గమనించి, పూర్తిగా లేచిన పళ్ళకంటే సగం లేచిన వాటి మీదే పాచి ఎక్కువగా పేరుకుంటుందని తేల్చారు. ఈ సంగతి ఆధారంగా ఆ దేశంలోని నెక్సో అనే చిన్న పట్టణంలో 1987లో ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. పళ్ళు లేస్తున్న వయసులోనే పిల్లలకూ తల్లిదండ్రులకూ ఆ పన్నును తోమడం ప్రత్యేకంగా నేర్పారు. ఆ పిల్లలు 18 ఏళ్ళవారయ్యాక చూస్తే, పోల్చి చూసిన ఇతర ప్రాంతాల పిల్లలకంటే వీళ్ళకు పుచ్చుపళ్ళు చాలా తక్కువ. పెద్ద యంత్రాలతో సాధించిన విజయం కాదిది. వేళకు తోమిన బ్రష్షుతో సాధించిన విజయం.

మరి నీళ్ళ సంగతి?

ఇక నాన్న మాట. దీన్ని తేలికగా తీసెయ్యలేం. కాజీపల్లి, పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో కర్మాగారాల వ్యర్థాలు చెరువుల్లోకీ, నక్కవాగులోకీ చేరి నీళ్ళు, పొలాలు పాడయిన మాట నిజం. ఆ వివాదం 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. అలాంటి నీళ్ళు ఆరోగ్యానికి చెరుపు చేస్తాయి. కాబట్టి నాన్న అనుమానం సహజమే. కాని ఈ పన్ను మీది గుంట ఆ నీళ్ళ పనేనా? ఆధారాలను అడుగుదాం.

మనం తాగే నీళ్ళు నోట్లోని అన్ని పళ్ళనూ తడుపుతాయి. నీళ్ళే పన్నును కరిగిస్తే ముందుగా పాడవలసినవి ముందు పళ్ళు. బయటి నుంచి వచ్చే ఆమ్లం అలాగే చేస్తుంది. బ్యాటరీల తయారీ వంటి చోట్ల గంధకామ్లపు ఆవిరిలో ఏళ్ళ తరబడి పనిచేసిన కార్మికులకు ముందు పళ్ళు అరిగిపోవడం వైద్యులకు తెలిసిన విషయమే. కాని తమ్ముడి ముందు పళ్ళు తెల్లగా, నున్నగా ఉన్నాయి. గుంట పడింది వెనక పన్నులో, అందులోనూ గాడి అడుగున. పాచి కదలకుండా నిలిచే చోటు అది. తప్పు జరిగిన చోటే తప్పు చేసిన వాణ్ణి పట్టిస్తోంది.

నీళ్ళు పళ్ళను పాడుచేసే సందర్భం నిజంగానే ఒకటుంది. అది ఫ్లోరైడు. నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలో పళ్ళమీద మచ్చలు, ఎముకల వంకరలు కనిపించడానికి తాగే నీటిలోని ఫ్లోరైడే కారణమని 1937లో వైద్యులు ప్రకటించారు. నల్లగొండ జిల్లా కష్టాలు మీకు తెలిసినవే. పటిక, సున్నం వాడి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరు. దాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది.

ఫ్లోరైడు మచ్చకూ పుచ్చుకూ తేడా ఎలా తెలుస్తుంది? ఫ్లోరైడు మచ్చలు దవడలో పన్ను తయారయ్యే వయసులోనే, అంటే సుమారు ఎనిమిదేళ్ళ లోపల ఏర్పడతాయి. ఒకే కాలంలో తయారైన పళ్ళు కుడివైపూ ఎడమవైపూ ఉంటాయి కాబట్టి మచ్చలు కూడా రెండు పక్కలా జంటగా కనిపిస్తాయి. ముందు పళ్ళ మీద సుద్ద చారలుగా, గోధుమరంగు మరకలుగా తెలుస్తాయి. పుచ్చు అలా కాదు. పాచి నిలిచిన చోట మాత్రమే వస్తుంది. రోజులు గడిచిన కొద్దీ లోతవుతుంది.

వింత ఏమిటంటే, ఎక్కువైతే మచ్చలు తెచ్చే ఈ ఫ్లోరైడే తగుమాత్రంగా ఉంటే పన్నును కాపాడుతుంది. అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో 1901లో వైద్యం మొదలుపెట్టిన ఫ్రెడరిక్ మెకే అక్కడివాళ్ళ పళ్ళ మీద గోధుమ మరకలు చూశాడు. మరకలున్నా ఆ పళ్ళు త్వరగా పుచ్చడం లేదని కూడా గమనించాడు. ఆ మరకలకు కారణం ఫ్లోరైడని తెలియడానికి 1931 దాకా పట్టింది. ఫ్లోరైడు పింగాణీ స్ఫటికాల్లో చేరితే అవి ఆమ్లానికి అంత సులభంగా కరగవు. పేస్టులో ఫ్లోరైడు కలపడం అందుకే. మన దేశపు ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాముకు మించకుండా ఉండాలి. వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల దాకా అనుమతిస్తారు.

కాబట్టి నాన్న మాట ఈ పన్ను విషయంలో సరికాదు. మంచినీళ్ళ కోసం అడగవలసిందే, పోరాడవలసిందే. కాని నీళ్ళ మీద నెపం వేసి బ్రష్షును పక్కన పెడితే పన్ను పోతుంది. నీళ్ళు బాగుపడ్డ తరవాత కూడా ఆ పన్ను తిరిగి రాదు.

మనం చేయగలిగినది

కొత్త పన్నును కాపాడే ఉపాయం చాలా చిన్నది. ముందు అన్ని పళ్ళనూ మామూలుగా తోమండి. ఆపైన బ్రష్షును నోటి మూల నుంచి, బుగ్గ వైపు నుంచి అడ్డంగా లోపలికి పోనిచ్చి, ఆ ఒక్క పన్ను తల మీద ఉంచి పది పదిహేనుసార్లు కదిలించండి. వరుస వెంట కాకుండా, వరుసకు అడ్డంగా అన్నమాట. అప్పుడు బ్రష్షు పక్క పన్ను మీద ఆగిపోదు. నాలుగు మూలలా ఇలాగే చెయ్యాలి. చిగురు కొంచెం నొప్పిగా ఉన్నా మానకూడదు. మెత్తటి బ్రష్షు వాడాలి.

ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లలకు ఇది సొంతంగా చేతకాదు. అక్కో అన్నో వెనక నిలబడి, వాళ్ళ తల తమ పొట్టకు ఆనించుకుని తోమాలి.

పేస్టు ఫ్లోరైడు ఉన్నదై ఉండాలి. మూడేళ్ళ లోపు వారికి బియ్యపు గింజంత, ఆ పైవారికి బఠాణీ గింజంత చాలు. మింగనివ్వకూడదు, ఉమ్మించాలి. వెంటనే పుక్కిళ్ళు పుక్కిళ్ళుగా కడగకపోతే ఫ్లోరైడు కాసేపు పన్ను మీద నిలుస్తుంది. బొగ్గుపొడి, ఇటుకపొడి పింగాణీని గీకేస్తాయి, వద్దు. వేపపుల్ల ముందు పళ్ళకు బాగానే ఉంటుంది గాని, పల్లంలో ఉన్న కొత్త దవడపన్ను గాళ్ళకు అది అందదు.

రాత్రి పడుకోబోయే ముందు తోమడం ఉదయం తోమడం కంటే ముఖ్యం. నిద్రలో లాలాజలం బాగా తగ్గుతుంది. ఖర్చే గాని జమ ఉండని వేళ అది. తీపి తినాలనిపిస్తే భోజనంతో పాటు తినండి. మధ్యలో ఆకలైతే పల్లీలు, జామకాయ, మొక్కజొన్న కంకి ఉండనే ఉన్నాయి.

మరొక ఉపాయం వైద్యుని చేతిలో ఉంది. పన్ను గాళ్ళలో పలచని రెజిన్ పూత పోసి మూసేస్తారు. గుంట పడకముందే చేసే పని ఇది. మర తిప్పరు, నొప్పి ఉండదు. ఈ పూత పన్నుకు అంటుకునే కిటుకును 1955లో మైకెల్ బూనొకోర్ కనిపెట్టాడు. అయితే సగం లేచిన పన్ను ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి దాని మీద ఈ పూత గట్టిగా నిలవదు. పన్ను పూర్తిగా లేచేదాకా కాపలా కాయవలసింది బ్రష్షే.

గాడి అంచున సుద్దలాంటి తెల్లమచ్చ కనిపిస్తే అది మొదటి హెచ్చరిక. ఆ దశలో ఇంకా గుంట పడలేదు. శ్రద్ధగా తోమి ఫ్లోరైడు వాడితే అక్కడితో ఆగిపోవచ్చు. గుంట పడితే పూడ్పించాలి. డెంటిన్ దాటి పల్పు చేరితే నొప్పి, చీము వస్తాయి. అప్పుడు వైద్యం పెద్దది, ఖర్చూ పెద్దదే. పన్ను తీయించేస్తే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. నమలడం చెడుతుంది.

అక్క అద్దం ముందు

మర్నాడు ఆ అక్క తమ్ముణ్ణి తీసుకుని అమ్మతో కలిసి దంతవైద్యుని దగ్గరికి వెళ్ళింది. గుంట ఇంకా పల్పు దాకా పోలేదు. శుభ్రం చేసి పూడ్చారు. పన్ను దక్కింది. మరో ఏడాది ఆగి ఉంటే దక్కేది కాదు.

ఆ రాత్రి అక్క అదే టార్చిలైటును తన నోట్లోకి వేసుకుని అద్దంలో చూసింది. ఒకటి, రెండు, మూడు... ఆరు. ఆరో పన్ను వెనక, చిగురు కింద నుంచి తెల్లగా ఏదో తొంగి చూస్తోంది. ఏడో పన్ను! రెండో చర్వణకం. అది పన్నెండో ఏట మొదలుపెట్టి, పూర్తిగా లేవడానికి రెండేళ్ళకు పైగా తీసుకుంటుంది. మొదటిదానికంటే ఎక్కువ కాలం పల్లంలో ఉంటుంది. దానికి ఎదురయ్యే గండం కూడా అంతే.

ఈ వ్యాసం చదువుతున్న మీలో చాలామంది వయసు పదకొండుకూ పద్నాలుగుకూ మధ్య ఉంటుంది. అంటే ఆ పన్ను ఇప్పుడు, ఈ నెలలోనే, మీ నోట్లో లేస్తూ ఉండవచ్చు. టార్చిలైటు తీసుకోండి. లెక్కపెట్టండి. మీది చూసుకున్నాక ఇంట్లో ఆరేళ్ళవాళ్ళుంటే వాళ్ళదీ చూడండి. ఆ పన్ను వచ్చిందని ఇంట్లో మీరు చెబితేనే మిగతావారికి తెలుస్తుంది.